మనుమలతో సముద్రయానము

క్రిస్మసు సెలవులు దగ్గరపడిన సంగతి మాదన్నపేటలో పంచాంగము చూడకయే తెలియును. విదేశములలో ఉద్యోగములు చేయు కొడుకులును అల్లుండ్రును పిల్లలతో దిగుదురు. కూరగాయల మండి వైపునుండి వచ్చు కారు మా సందులో పట్టక మలుపుననే నిలిచిపోవును; అచటినుండి పెద్ద పెద్ద పెట్టెలు నెత్తిమీద నింటికి చేరును. దిగిన మరునాటి యుదయమున కాఫీతో పాటు ఒక కాగితము బయటికి వచ్చును. ఏ దినమున ఏ యూరు, ఎవరి యింట భోజనము, ఏ పెండ్లి, ఏ దంతవైద్యుడు, అన్నియు గళ్లు గీసి వ్రాయబడి యుండును. పదునాలుగు దినములకు పదునాలుగు గళ్లు. ఆ కాగితమును గూర్చియే మేమీ సంచికలో నాలుగు మాటలు చెప్పదలచితిమి. ఏలయన, మూడేండ్ల క్రిందట మా యింటి కాగితములో నొక గడియందు "సముద్రము" అని వ్రాసి యుండెను.

ఆ మాట వ్రాయించినది మా మనుమరాలు. అప్పటికి దాని వయస్సు పది సంవత్సరములు. దాని తమ్మునికి ఏడు. మెల్‌బోర్న్ నగరమున వారి యింటికి సముద్రము దగ్గర. పిల్ల యచట చిన్న తెరచాప పడవ నడుపుట నేర్చుకొనుచుండెను. "తాతా, మీ ఊళ్లో పడవలు లేవా?" అని ఫోనులో అడుగుచుండెడిది. హైదరాబాదునకు సముద్రము లేదని చెప్పగా, "మరి తెలుగువాళ్లకి?" అనెను. ఆ ప్రశ్నకు మేము కొంత సిగ్గుపడితిమి. తెలుగు నేలకు దాదాపు వేయి కిలోమీటర్ల తీరము కలదు. అరువది యేడేండ్ల జీవితములో మేమా తీరమున నాలుగైదు చోట్ల కాళ్లు తడుపుకొని వచ్చితిమే గాని, నీటిపై నొక గడియయైనను ప్రయాణము చేసి యెరుగము.

సముద్రము మనది కాదను భావము మన నగరమునకు తరువాత వచ్చినదే గాని మొదటినుండి యున్నది కాదు. మా పేటకు పేరిచ్చిన మాదన్న గోలకొండ కడపటి సుల్తానగు అబుల్ హసన్ తానీషా కొలువున మంత్రి. ఆ రాజ్యమునకు పెద్దరేవు మచిలీపట్టణము. అద్దకపు బట్టలు అచటనే యోడలకెక్కి పర్షియా మొదలు జావా వరకు పోవుచుండెను. అంతకు నాలుగు వందల యేండ్లు పూర్వము, ఓరుగల్లున సముద్రమునకు ఎంతయో దూరమున కూర్చుండి రాజ్యమేలిన కాకతి గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవున ఒక అభయశాసనము వేయించెను. గాలివానకు దారి తప్పి, ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన యోడలలోని సర్వస్వమును పూర్వపు రాజులు బలవంతముగా తీసికొనుచుండిరట. తాను నియమిత సుంకము మాత్రమే పుచ్చుకొని మిగిలినది వర్తకులకే విడుచుచున్నానని గణపతిదేవుడు ప్రకటించెను. ఓడ రాక పోకలు ఓడవాని చేతిలో లేవనియు, గాలి చేసిన పనికి మనుష్యుని దండింపరాదనియు, కొండల నడుమ కూర్చున్న యా రాజు గ్రహించెను. మా కాగితము వ్రాసినవారికి (అందు మేమును ఒకరము) ఆపాటి గ్రహింపు లేకపోయెను.

ఏలన, సముద్రమునకు మేమిచ్చినది ఒక్క గడి. దానికి ముందు గడిలో సికింద్రాబాదునుండి రాత్రి రైలు; అదే దినము రాత్రికి తిరుగు రైలు; మరునాడు బంధువుల యింట పెండ్లి. నడుమ మిగిలినది ఒక్క పగలు.

కాకినాడను మేము తెలియక యెన్నుకొనలేదు. గోదావరి గౌతమీపాయ మోసికొని వచ్చిన యిసుక సముద్రములో ఉత్తరముగా సాగి, సుమారు 16 కిలోమీటర్ల పొడవున నొక తిన్నెయై నిలిచినది. దానినే హోప్ ద్వీపమందురు. రెండు శతాబ్దముల క్రిందట అచట నేల లేదని చెప్పుదురు. బంగాళాఖాతపు కెరటములు ఆ తిన్నెకు తగిలి విరుగును. దానికిని ఒడ్డునకును నడుమ నున్న నీరు కొంత నెమ్మదిగా నుండును. దక్షిణమున కోరంగి మడ అడవులు. కోరంగి యొకప్పుడు గొప్ప రేవు. ఇచటినుండి బర్మాకు వెళ్లిన తెలుగువారిని ఆ దేశమున కోరంగీలని పిలిచిరి. 1839 నాటి తుపానుతో ఆ రేవు పాడయ్యెను. దాని ప్రక్కనున్న తాళ్లరేవున నేటికిని కొయ్యపడవలు కట్టువారు కలరు. చిన్నపిల్లలతో తొలిసారి నీటిమీదికి పోవువారికి ఇంతకన్న మంచి చోటు మా యెరుకలో లేదు. చోటు మంచిదే. దినము మాత్రము మనము నిర్ణయించుకొన్నది.

తెల్లవారుజామున రేవునకు చేరితిమి. తెలిసినవారి ద్వారా మాటలాడుకొన్న పడవ అచట నుండెను. దానికి ఇంజను కలదు. అయినను గాలి కలిసివచ్చినపుడు తెరచాప యెత్తు పాత యలవాటును ఆ సరంగు విడువలేదు. వయస్సు ఏబది దాటినవాడు. తెరచాప ఎత్తలేదు సరికదా, లంగరు తాడు పైనను చేయి వేయలేదు. తూర్పు తెల్లగా తేటగా నున్నది. ఒక్క మబ్బు లేదు.

"ఈవేళ కుదరదండి, మేష్టారు. వేటకెళ్లొద్దని రేడియోలో చెప్పారు. నడిసముద్రంలో అల్పపీడనం ఉందంట. బయట కెరటం చూడండి" అనెను.

మేము చూచితిమి. మా కంటికి కెరటములన్నియు ఒక్కటిగనే కనబడెను. సూర్యుడు పైకి వచ్చుచుండగా అల్పపీడనము మాట మాకు నమ్మశక్యముగా లేకపోయెను. ఇచట మేము చేసిన పనిని దాచుట న్యాయము కాదు. ముందుగా బ్రతిమాలితిమి. పిల్లలు ఎంతో దూరమునుండి వచ్చిరని చెప్పితిమి. తరువాత, ఒప్పుకొన్న సొమ్ముకు మరి రెండు వేలు చేర్చి యిత్తుమంటిమి. సరంగు మాటలాడలేదు. అతని ముఖము చూచినపుడు ఆ రెండు వేలు అతనికి తేలికయైన మాట కాదని మాకు తెలియకపోలేదు. తెలిసియు మరియొక వేయి పెంచితిమి. మా కుమారుడు గడియారము చూచుకొని, "గంటలో పోయి వచ్చేద్దాం, ఒడ్డు పక్కనే" అనెను.

అంతట నతడు పడవ యంచున కూర్చుండి చెప్పిన మాట యిది. "మా అన్న తొంభై ఆరులో, నవంబరు ఆరున వేటలో ఉన్నాడండి. రొయ్యల కాలం. ముందొచ్చేసిన బోటు వాళ్లు పిలిచారంట. ఇంకొక్క వలేసి వస్తానన్నాడంట." తరువాతి మాట అతడు చెప్పలేదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపానును, దానికి సముద్రములో చిక్కిన వందలాది మత్స్యకారులను ఆ జిల్లాలో మరచినవారుండరు. భైరవపాలెము, బలుసుతిప్ప మొదలగు పల్లెలలో నేటికిని ఆ తేదీని బట్టి వయస్సులు లెక్కించుకొనువారు కలరు.

మేమింకను ఏమనవలెనో తోచక నిలుచుండగా మా మనుమరాలు, "తాతా, మా దగ్గర టీచర్ వద్దంటే ఎవ్వరూ మళ్లీ అడగరు" అనెను. తరువాత తన తమ్ముని చేయి పట్టుకొని ఒడ్డుకు నడిచిపోయెను. అరువది యేడేండ్ల మాకును, నలుబది దాటిన మా కుమారునికిని ఆ రేవున ఒకరి ముఖ మొకరు చూచుకొనుటకు వీలులేని స్థితి కలిగెను.

ఆనాడు సరంగు మమ్ము ఒట్టిచేతులతో పంపలేదు. గాలి చొరని కోరంగి పాయలలో చిన్న పడవపై, గడ వేయుచు రెండు గంటలు త్రిప్పెను. మడచెట్ల వేళ్లు బురదలోనుండి మేకులవలె పైకి పొడుచుకొని వచ్చి గాలి పీల్చుకొనుటను పిల్లలు చూచిరి. తిల్ల చెట్టు కొమ్మ విరువబోయిన చిన్నవానిని అతడు వారించెను; దాని పాలు కంటబడిన ప్రమాదము. నీటికుక్క యొకటి కనబడి మాయమయ్యెను. బావురుపిల్లి మాత్రము కనబడలేదు. అది రాత్రి తిరుగు జంతువట. పాయ మలుపున కొంచెము గాలి తగులగా సరంగు ఒక పాత గుడ్డ తెరచాప యెత్తి, చుక్కాని పిల్ల చేతికిచ్చెను. పది నిమిషములు. అయినను రైలులో చిన్నవాడు, "సముద్రం చూపిస్తానని చూపించలేదు" అని యేడ్చుచు నిద్రపోయెను. మధ్యాహ్నమునుండి బంగాళాఖాతమున గాలి హెచ్చినట్లును, రేవులో ప్రమాద హెచ్చరిక ఎగురవేసినట్లును మరునాడు పెండ్లిపందిటిలో పత్రిక చూచి తెలిసికొంటిమి.

ఇక మా యభిప్రాయము. నీటిమీదికి పిల్లలతో వెళ్లదలచినవారు చోటునైన నిర్ణయించుకొనవచ్చును, దినమునైన నిర్ణయించుకొనవచ్చును. రెండింటిని తమ చేతిలో నుంచుకొనరాదు. ఫలానా చోటికే పోవలెనందురా, గాలి యనుమతించు దినము వరకు ఆ యూర కూర్చుండవలెను. ఫలానా దినముననే పోవలెనందురా, ఆ దినమున ఏది క్షేమమో ఆ పాయకో, చెరువునకో, కాదన్న ఒడ్డునకో తృప్తిపడవలెను. తెరచాప వాడువారికి ఇది పాత పాఠము. కాకినాడ కాలువమీదను, బకింగ్‌హాం కాలువమీదను తెరచాపలతోను, తాడు లాగుకొనుచును ప్రయాణము చేసిన మన తాతలు ఏ దినమున చేరుదురో చెప్పి బయలుదేరెడివారు కారు. ఇంజను వచ్చిన పిదప మనము గాలిని మరచితిమి. గాలి మనలను మరువలేదు.

ఇందులో మరియొక సంగతి కలదు. పడవ ప్రమాదము జరిగినపుడు మనము పడవవానిని, అధికారులను దూషించుట సహజము, తప్పున్నచోట దూషింపవలసినదే. కాని పడవవానిపై ఆ యుదయమున ఒత్తిడి యెవరు తెచ్చిరని యెవ్వరును అడుగరు. బేరమాడుట మన నగరమున నొక విద్య. మండిలో వంకాయల ధరకై చూపు నేర్పును సరంగుయొద్ద చూపుట, కడుపునకు చాలని మనుష్యుని ప్రాణభయమునకు వెల కట్టుటయే. మేమాపని చేసితిమి. మా సొమ్మునకు లొంగని మనుష్యుడు దొరకుట మా యదృష్టము మాత్రమే. మా వివేకము కాదు.

"హైదరాబాదువారికి పడవల గొడవ యేల?" అని యొక మిత్రుడు మమ్ము పరిహసించెను. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరు వద్ద వరదగోదావరిలో మునిగినపుడు, అందున్న 70 మందికి పైగా జనులలో 26 మంది మాత్రమే బయటపడిరి. పడవను పైకి తీయుటకు అక్టోబరు 22 వరకు పట్టెను. ఆ పడవలో హైదరాబాదువారు కలరు. వరంగల్లు ప్రక్కనున్న కడిపికొండనుండి కలిసి వెళ్లిన బంధుమిత్రులు కలరు. 2017 నవంబరు 12న కృష్ణలో ఇబ్రహీంపట్నము వద్ద, సంగమమున సాయంకాలపు హారతి చూడవెళ్లిన ఒంగోలువారి పడవ మునిగి ఇరువదిమందికి పైగా చనిపోయిరి. 2011 క్రిస్మసు నాడు పులికాటు సరస్సున ఒక పడవ తలక్రిందులై 22 మంది మరణించిరి. అందరును ఒక పెద్ద కుటుంబమునకు చెందినవారు, పండుగపూట పిల్లలతో విహారమునకు వచ్చినవారు. నది సముద్రము కాదు, సరస్సు సముద్రము కాదు అని యూరడిల్లుటకు వీలులేదు. ఈ మూడుచోట్లను వెళ్లినవారు మనవంటి సెలవుదినపు ప్రయాణికులే.

దీనిని చదివి పిల్లలను నీటికి దూరముగా నుంచవలెనని తలిదండ్రులు తలచినచో మేము చెప్పదలచినది తలక్రిందులగును. మేము మరల వెళ్లితిమి.

ఆ మరుసటి యేడు కాగితము గీయునపుడు సంక్రాంతికి ముందు నాలుగు గళ్లు ఖాళీగా విడిచితిమి. పెండ్లివారు నొచ్చుకొనిరి, దంతవైద్యుని మానుకొంటిమి. కాకినాడలో ఇల్లు తీసికొని కూర్చుంటిమి. మొదటి దినము సరంగు తల యడ్డముగా త్రిప్పెను. కాజాలు తిని కాలము గడిపితిమి. రెండవ దినమును అంతే. మూడవ దినము నాలుగు గంటలకు చీకటిలో వచ్చి తలుపు తట్టెను.

తీరమున తెరచాప నడచు విధము చిన్నవారికి తెలియదగినది. రాత్రి నేల త్వరగా చల్లబడును. నీరు అంత త్వరగా చల్లబడదు. అందుచే తెల్లవారుజామున గాలి నేలనుండి సముద్రమునకు వీచును. పగలు ఎండకు నేల వేడెక్కగా మధ్యాహ్నమునకు గాలి సముద్రమునుండి నేలకు మరలును. ఇంజను లేని కాలమున బెస్తలు ఉదయపు గాలితో వేటకు పోయి, మధ్యాహ్నపు గాలితో ఇంటికి వచ్చుచుండిరి. ఒక్క చుక్క నూనె ఖర్చు లేదు. మేమును అట్లే పోతిమి. రేవు మొగ దాటిన పిదప సరంగు ఇంజను ఆపెను. ఆ చప్పుడు నిలిచిన క్షణమున పడవలో ఎవ్వరును మాటలాడలేదు. నీరు పడవ ప్రక్కలను ఒరసికొని పోవు చప్పుడును, తెరచాప తాడు మెల్లగా కిఱ్ఱుమనుటయు మాత్రమే వినవచ్చెను. మా యిల్లాలు నలువది యేండ్లుగా మాతో కాపురము చేసి యింత సేపు మాటలాడక యుండుట అదియే మొదలు.

తిన్నె దగ్గర పడుచుండగా దీపస్తంభము కనబడెను. ఒడ్డునకు చేరక, లోతు తక్కువచోట లంగరు వేసి, పులిహోర తింటిమి. చిన్నవానికి కడుపులో త్రిప్పి మొదటి గంటలోనే వాంతి యయ్యెను. పుస్తకము చూడక, పడవ లోపలికి చూడక, దూరమున ఆకాశము నీటిని తాకు గీతను చూచుచుండుమని సరంగు చెప్పెను. పిల్లవాడు అట్లు చూచుచు కొంతసేపటికి తేరుకొని, రెండు మార్లు పులిహోర యడిగెను. ఈ తిన్నెల యొడ్డునకు చలికాలము చివర తాబేళ్లు గ్రుడ్లు పెట్టవచ్చునని విని, పిల్లలిద్దరును ఒక్కటైనను కనబడునేమోయని నీరంతయు వెదకిరి. ఏదియు కనబడలేదు.

తిరుగు దారిలో గాలి మేమనుకొన్న దిక్కునుండి గాక కొంచెము ఎదురుగా వచ్చెను. ఇంజను పెట్టుమని మా కుమారుడనగా, పిల్ల యొప్పుకొనలేదు. ఎదురుగాలికి పడవ తిన్నగా పోజాలదు గాని, ఏటవాలుగా పోగలదు. తెరచాప ఉబ్బి పక్షిరెక్కవలె వంపు తిరుగును; దానిపై గాలి జారునపుడు పడవను ప్రక్కకును ముందుకును లాగును. నీటిలోనున్న పడవ యడుగు భాగము ప్రక్కకు జరుగనీయదు. మిగిలినది ముందుకు పోవుట. కొంత దూరము కుడికి, కొంత దూరము ఎడమకు, మెలికలు మెలికలుగా పోయినచో ఎదురుగాలినే వాడుకొని చేరవచ్చును. సరంగు చేతులతో చేయుచున్న దానిని పిల్ల మాటలతో మాకు వివరించెను. ఆమె చెప్పినది అతనికి నవ్వు తెప్పించెను, ఏలయన అతడెన్నడును దానికి కారణ మడుగలేదు. కోటిపల్లి పడవలో ఒకసారి ఏరు దాటిన యనుభవము తప్ప లేని మా యిల్లాలు, చివరి మెలికలో చుక్కాని పట్టుకొనెను.

ఇంత చెప్పి, సిగ్గుపడవలసిన రెండవ సంగతి విడువరాదు. ఆ పడవలో ఈత రానివారు మేమును, మా యిల్లాలును. పిల్లలిద్దరును బడిలో ఈత నేర్చిరి. లైఫ్ జాకెట్లు వారి మెట్టినూరినుండి తెచ్చుకొనిరి. ఏలయన పెద్దవారి జాకెట్టు పిల్లవానికి తొడిగినచో నీటిలో పడినపుడు అది మెడపైకి జారి ముఖమును కప్పును. బరువునకు తగిన కొలతయు, కాళ్ల నడుమనుండి బిగించు పట్టీయు పిల్లలకు ముఖ్యము. ఉక్కగా నున్నదని మేము మాది విప్పబోగా, "తాతా, ఈత రానిది మీకే" అని చిన్నవాడు మందలించెను. మనయొద్ద జాకెట్లు పడవలో నొక మూల కుప్పగా నుండుట, అధికారి కనబడినపుడు తొడుగుకొనుట మేము పలుచోట్ల చూచితిమి. కుప్పలో నున్నది ఎవరిని తేల్చును?

మన బడిపిల్లలకు ఈత నేర్పుటకు స్థలము లేదందురు. ఈ నగరమున స్థలము లేనిచోట తెరచాపయే నేర్పిరి. 1560 ప్రాంతమున ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలములో కట్టిన హుస్సేన్‌సాగరముపై సైన్యమువారి తెరచాప పడవల సంఘము దశాబ్దములుగా నున్నది. 2009లో నెలకొన్న హైదరాబాదు యాట్ క్లబ్బువారు రసూల్‌పురా వంటి బస్తీల బడిపిల్లలకు పడవ నడుపుట నేర్పుచున్నారు. అందులో మొదట నేర్పునది ఈతయు నీటి భయము తీర్చుటయు. అక్కడ నేర్చిన పేదపిల్లలు జాతీయ పోటీలలో పతకములు గెలిచిరి. ఆఱుగురు స్త్రీలు 'తారిణి' యను 55 అడుగుల తెరచాప పడవపై 2017 సెప్టెంబరు 10న గోవానుండి బయలుదేరి భూమిని చుట్టివచ్చిరి. వారిలో ఐశ్వర్య బొడ్డపాటి మన హైదరాబాదువారే, స్వాతి పాతర్లపల్లి విశాఖపట్టణమువారు. ఆ పడవ 2018 ఏప్రిలులో చేరవలసినది. చుక్కాని యంత్రము చెడి మారిషసులో ఆగవలసివచ్చి, మే 21న గోవా చేరెను. నెల యాలస్యమైనదని నావికాదళము వారిపై కోపించినట్లు మేము వినలేదు. రేవున బాండు మేళముతో ఎదురేగిరి. అట్టివారు నెలరోజులు గాలికిని యంత్రమునకును విడిచిపెట్టగా, మనము నాలుగు దినములు విడువలేమా యని పెండ్లివారి నడిగితిమి. వారు సమాధాన మీయలేదు.

మా పాఠశాల పెద్దలకు ఒక మనవి. వేసవిలో క్రికెట్టు శిబిరమునకు వెచ్చించు దానిలో నాలుగవ పాలు ఈతకు వెచ్చింపుడు. బాలికలకు వేరుగా వేళ యేర్పరుపుడు. తమ పుత్రికలు నీటిలో దిగుటకు సంకోచించు తలిదండ్రులు మా వీథిలో చాలమంది కలరు. మా యిల్లాలి తల్లియు అట్టిదే. అందుచేతనే ఆమె చుక్కాని పట్టిన పది నిమిషములలో రెండవ చేతితో మా జాకెట్టు పట్టీని విడువలేదు.

ఈ యేడు పిల్లలు డిసెంబరు ఇరువదవ తేదీ తరువాత దిగుచున్నారు. కాగితము సిద్ధమైనది. ఈసారి భీమునిపట్టణము పోవలెనని మనుమరాలి కోరిక. "సముద్రము" అను మాట తేదీ లేక, నాలుగు గళ్లకును అడ్డముగా పెద్ద యక్షరములతో వ్రాయబడినది. రెండవ గడిలోనికి దంతవైద్యుని జరుపుటకు వీలగునా యని మా యిల్లాలు నిన్న అడిగినది. మేమింకను ఒప్పుకొనలేదు.